సూర్యుడున్నాడు, స్విచ్చి వేయండి!

హైదరాబాద్ శివారు అపార్ట్‌మెంట్ల డాబాల మీద సోలార్ హీటర్లు ఉన్నాయి, లేవనడానికి వీల్లేదు. బోరునీళ్ల సున్నం గాజు గొట్టాల్లో గడ్డకట్టింది. ట్యాంకుకు పట్టే తుప్పును తన మీద వేసుకునే మెగ్నీషియం కడ్డీ ఎప్పుడో అరిగిపోయింది. మార్పిద్దామంటే 'అలాంటిదొకటి ఉందా?' అంటారు సెక్రటరీగారు. ఐదో అంతస్తులో నీళ్లు కాస్త వేడిగానే వస్తాయి. కింది ఫ్లాటువాళ్లు మాత్రం రెండు బకెట్ల చన్నీళ్లు పారబోస్తేగానీ గోరువెచ్చనివి రావు. అందుకే ఇంటింటికీ ఓ గీజరు! మబ్బు పట్టిన రోజుల కోసం సోలార్ ట్యాంకులో పెట్టిన కరెంటు కాయిల్ మే నెల ఎండలోనూ ఆన్‌లోనే ఉంటుంది. బిల్లు కామన్ మీటరు మీద పడుతుంది గనుక ఎవరికీ చెయ్యి కాలదు. ఫ్లాటు అమ్మేటప్పుడు ప్రకటనలో మొదటి మాట మాత్రం 'సోలార్ వేడినీళ్లు'!