మెల్లమెల్లగాను మెఱుపువోలె
(ఒక లారీ పద్యానికి టీకా తాత్పర్యాలు)

అవతారిక

మా మేనల్లుడు క్లీనరు సీటులోంచి డ్రైవరు సీటులోకి జరిగాడు. దూరం రెండడుగులే గాని మూడేళ్లు పట్టింది. అందులో చట్టం వాటా కొంత ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా బండి పట్టాలంటే 20 ఏళ్లు నిండాలి, అంతకు ముందే చిన్నబండి లైసెన్సు చేతికొచ్చి ఏడాది కావాలి. ఎనిమిదో తరగతి చదివుండాలన్న నిబంధనను మాత్రం 2019లో తీసేశారు. మావాడు పది పాసయ్యాడు. ఇంక ఆ సర్టిఫికెట్టు ఎందుకురా అని వాళ్లమ్మ దాన్ని ట్రంకుపెట్టె అడుగున పడేసింది.

వాళ్లది బండారులంక. మగ్గాల ఊరు. మా బావగారు ఇవాళ్టికీ గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషి. కూర్చున్నచోటే బతుకంతా నేసిన ఆయనకు, కొడుకు రాష్ట్రాలు దాటి పోతానంటే మొదట మింగుడుపడలేదు. కానీ పక్కనే అంబాజీపేట. అక్కడి కొబ్బరి మార్కెట్టు నుంచి రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ దాకా లారీలు పోతూనే ఉంటాయి. మావాడి మొదటి లోడు ప్రయాగకు పడింది.

లోడు ఎత్తే వేళకి ఓనరుగారు తాపేశ్వరంలో ఒక పెళ్లి విందులో ఉన్నారు. అక్కణ్ణుంచే ఫోను చేసి నాలుగు ముక్కలు చెప్పారు. మావాడు "ఆయ్" అని పెట్టేశాడు. స్పీకరులో విన్న నేను, బడిలో తెలుగు చెప్పి రిటైరైన పాపానికి, ఆ నాలుగు ముక్కల్నీ ఆటవెలదిలో బిగించి, ఇంటికొచ్చి వ్యాఖ్యానం రాసుకున్నాను. మాటలు ఆయనవి, గణాలు నావి, తిప్పలు మావాడివి.

మూలము

లోడు నిండె నింక తాడు బిగించుమా
బరకపంచు చూచి పయనమగుము
ఆపవద్దు దారి నాకలి యైనను
మెల్లమెల్లగాను మెఱుపువోలె

ప్రతిపదార్థము

లోడు = సరుకు; నిండెన్ = నిండినది; ఇంకన్ = ఇటుపైన; తాడు = మోకును; బిగించుమా = గట్టిగా కట్టుము; బరకపు + అంచు = టార్పాలిను యొక్క కొసను; చూచి = పరికించి; పయనమగుము = బయలుదేరుము; దారిన్ = మార్గమధ్యమున; ఆకలి ఐనను = కడుపు కాలినను; ఆపవద్దు = బండిని నిలుపరాదు; మెల్లమెల్లగాను = మిక్కిలి నెమ్మదిగా; మెఱుపు వోలెన్ = మెరుపువలె; (పొమ్ము) అని అధ్యాహారము.

అధ్యాహారమంటే కవి చెప్పకుండా వదిలేసినదాన్ని చదివేవాడు తెచ్చిపెట్టుకోవడం. ఈ పద్యంలో కవి వదిలేసినవి రెండు. ఒకటి క్రియాపదం, రెండోది బత్తా. క్రియాపదాన్ని తెచ్చిపెట్టుకోగలిగాం.

టీక

లోడు నిండెన్: ఏ లోడు అన్నది ముందు తేలాలి. కోనసీమలో కొబ్బరికాయ ఒక్కటే అనుకునేవాళ్లు అంబాజీపేట ధరల పట్టిక చూడలేదన్నమాట. నీటికాయ వేరు, అందులో పాతదైతే ముక్కుడుకాయ; ఎండిన కురిడీ వేరు, అందులో గండేరా, గటగట మళ్లీ వేరు. గటగట అన్న మాటకు వ్యుత్పత్తి నిఘంటువులో వెతకనక్కర్లేదు, కాయను చెవిదగ్గర పెట్టి ఊపితే చాలు. మావాడికి ఎత్తింది ముక్కుడుకాయ.

ఇక 'నిండెన్' దగ్గర వ్యాఖ్యాతలకు అభిప్రాయభేదం. వర్తకుడు వెయ్యి లెక్కన కాయలు ఎంచుతాడు. ఇంకొక్క కాయ పెట్టడానికి చోటు లేకపోతేనే ఆయనకు నిండినట్టు. చట్టానికి కాయలతో పనిలేదు, కాటాతో పని. పది చక్రాల బండికి 2018 జూలై వరకు 25 టన్నులు, ఆ తర్వాత 28.5 టన్నులు. ఆ అంకెలో బండి, కాయ, డీజిలు, డ్రైవరు, డ్రైవరు క్యారేజీలో వాళ్లమ్మ పెట్టిన పులిహోర, అన్నీ కలిసే ఉంటాయి. మించితే 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయల జరిమానా, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. డ్రైవరు మతం వేరు. అతను కింద కూర్చుని కమానుపట్టీల వైపు చూస్తాడు. వంపు పోయి పట్టీ సాపుగా కనబడితే నిండినట్టే. ఈ మూడింటిలో డ్రైవరు పాఠమే గ్రాహ్యమని నా మతం. పట్టీ విరిగేది అడవి మధ్య. అప్పుడు అక్కడ వర్తకుడూ ఉండడు, కాటా ఉండదు.

తాడు బిగించుమా: 'మా' అనేది ప్రార్థనార్థకం. గణం చాలక నేను వేసింది. ఓనరుగారు అంత మర్యాదగా మాట్లాడే మనిషి కారు.

డ్రైవరు పనంటే స్టీరింగు తిప్పడమని లోకం అనుకుంటుంది. మావాడూ మూడేళ్లు పక్కసీట్లో కూర్చుని అదే అనుకున్నాడు. తాడు పని ఎప్పుడూ పెద్ద డ్రైవరు చూసుకునేవాడు, వీడు కొస అందించేవాడు. ఆ రోజు తాడు మొదటిసారి పూర్తిగా వీడి చేతిలో పడింది. కాళ్లు చక్రానికి తన్నిపెట్టి, పళ్లు బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. ముడి వేసి చెయ్యి వదిలేసరికి తాడు జానెడు సడలింది. మళ్లీ లాగాడు, మళ్లీ సడలింది. నైలాను తాడుకి సాగే గుణం ఉంది, తడిస్తే ఇంకాస్త సాగుతుంది.

కొడుకుని సాగనంపడానికి సైకిలు మీద వచ్చిన బావగారు కాసేపు చూసి, "లాగకురా, మడత వెయ్యి" అన్నారు. ఆయన జన్మలో లారీ కట్టలేదు. కట్టిందల్లా పడుగు. కొత్త పడుగును పాత పడుగుకి అతికేటప్పుడు వందల పోగులు ఒక్కొక్కటే వేళ్లతో మెలిపెట్టే చేతులవి. తాడు అందుకుని, నడుమ ఒక మెలిక తిప్పి ఉచ్చు తీశారు. కొసను డాలా కింద కొక్కేనికి తగిలించి పైకి తెచ్చి, ఆ ఉచ్చులోంచి దూర్చి, కిందికి గుంజారు. అంతే. ఉచ్చు నూతిగిలకలా పనిచేసింది. లెక్క ప్రకారం చేతిబలం మూడింతలు కావాలి. రాపిడిలో కొంత పోయినా, పాతికేళ్ల కుర్రాడు పళ్లు కొరికి లాగినదానికంటే అరవై దాటిన నేతపనివాడు నిలబడి గుంజింది ఎక్కువ బిగిసింది. పక్కన నిలబడ్డ హమాలీలు "నేర్చుకో అబ్బాయ్" అన్నారు. లారీలు కట్టేవాళ్లు ప్రపంచమంతా వేసే ముడి అదే. బావగారికి ఆ సంగతి తెలియదు. ఎక్కువ బిగిస్తే పోగు తెగుతుంది, తక్కువైతే పడుగు జారుతుంది అన్నంతవరకే తెలుసు.

బరకపంచు చూచి: ఇక్కడ శ్లేష. బండారులంకలో అంచు అంటే చీరంచు. "అంచు చూసుకోమన్నారు" అని మావాడు చెబితే బావగారు "ఎన్ని అంగుళాలట?" అన్నారు.

బరకాలు రెండు వేస్తే ముందు వెనకదాన్ని పరవాలి, తర్వాత ముందుదాన్ని దాని మీదకి వచ్చేలా పరవాలి. ఇంటికప్పు తాటాకు నేసేవాళ్లూ కిందివరస ముందు వేసుకుని పైవరస దానిమీదికి దింపుతారు, వాన లోపలికి పోకుండా. ఇక్కడ వాన బదులు గాలి. అది ఎదురుగా వస్తుంది. మావాడు తిరగేసి పరిచాడు. కొత్తపేట చేరేలోపలే అతుకులో గాలి దూరి బరకం కొల్లేటి కొంగలా రెక్కలు కొట్టింది. దిగి మొత్తం విప్పి మళ్లీ పరవడానికి గంట. ఆ గంట పద్యంలో లేదు.

ఆపవద్దు: 'పయనమగుము' తర్వాత 'ఆపవద్దు' వచ్చినప్పుడు సంధి జరగాలి, జరగలేదు. దీన్ని విసంధి దోషమంటారు. కారణం విచారించగా, ఆ రెండు మాటల నడుమ ఓనరుగారు మడతకాజా కొరికినట్టు తెలిసింది. కనుక దోషం కవిది కాదు, పాకానిది.

ఆక్షేపము: దారిలో ఎక్కడా ఆపకుండా ప్రయాగ చేరడం సాధ్యమా? 1,400 కిలోమీటర్ల పైమాటే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదన్నది. ఆ చట్టానికీ ఈ పద్యానికీ పొత్తు ఎలా కుదురుతుంది?

సమాధానము: కుదరదు. లారీలకు 1961 నుంచీ కుదరలేదు.

మరొక ఆక్షేపము: తాడు బిగించమని మొదటి పాదంలో చెప్పి, ఆపవద్దని మూడో పాదంలో చెప్పడం పూర్వోత్తర విరోధం కాదా? కొబ్బరికాయ గుండ్రన. పదిమైళ్లు కుదిపేసరికి కాయ కాయ సందులోకి జారి లోడు కూర్చుంటుంది. లోడు కూర్చుంటే తాడు వదులవుతుంది. బిగించింది బిగించినట్టుండాలంటే ఆగి తీరాలి. అమెరికాలో ఫ్లాట్‌బెడ్ లారీల మీద ఇనుమూ కలపా మోసే డ్రైవర్లకు ఇది రాసిపెట్టిన నిబంధన: బయల్దేరిన మొదటి 50 మైళ్లలోపు ఆగి కట్లు చూసుకోవాలి, ఆపైన 150 మైళ్లకో మూడు గంటలకో, ఏది ముందొస్తే అప్పుడు మళ్లీ చూసుకోవాలి.

సమాధానము: మీమాంసకులు వేదవాక్యాలను రకాలుగా విడదీస్తారు. చేయవలసిన పని చెప్పేది విధి. ఊరికే పొగడడానికో భయపెట్టడానికో ఉన్నది అర్థవాదం, దాన్ని అక్షరాలా పాటించనక్కర్లేదు. 'తాడు బిగించుమా' విధి. 'ఆపవద్దు' అర్థవాదం. మావాడికి మీమాంస రాదు గాని రావులపాలెంలో హైవే ఎక్కే ముందు ఆపాడు. అంబాజీపేటలో వేలితో మీటితే తంబురాలా మోగిన తాడు అప్పటికి పాత జంధ్యంలా వేలాడుతోంది.

ఆకలి యైనను: దీనికి వ్యాఖ్య అక్కర్లేదు. ఆదిలాబాదు దాటాక అన్నం దొరకడం కష్టం, రోటీ దొరుకుతుంది.

అలంకారము

నాలుగో పాదంలో విరోధాభాసం. మెల్లమెల్లగా వెళ్లేది మెరుపు కాదు, మెరుపులా వెళ్లేది మెల్లగా వెళ్లదు. పైకి విరోధంలా కనబడి, లోపల పొందిక ఉంటేనే అది అలంకారం. లేకపోతే ఉత్త విరోధం. ఇందులో పొందిక ఎక్కడుందో నాకు రెండు రోజులు తట్టలేదు. చివరికి మావాడికి గురువైన పెద్ద డ్రైవరుని అడిగాను. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టి, మోకాళ్లు అరిగి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. ఆయన నవ్వి, "మెల్లగా అన్నది రోడ్డు మీదండీ, మెరుపన్నది ఆగినచోట" అన్నాడు. లోడుబండి గంటకు పది కిలోమీటర్లు ఎక్కువ కొడితే రోజు మొత్తం మీద కలిసొచ్చేది గంటో రెండు గంటలో. అది టైరుకీ డీజిలుకీ చెల్లిపోతుంది. టీ దగ్గర నలభై నిమిషాలు కూర్చోవడం, కాగితం ఏ సంచిలో పెట్టాడో తెలియక వెతుక్కోవడం, పంక్చరు షాపులో సినిమా చూడడం, రోజులు పోయేది అక్కడట. టోలుగేటుకి 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగు తప్పనిసరయ్యాక ఒక చోట నిలుపు తగ్గింది. దిగుమతి దగ్గర నిలుపు మాత్రం తగ్గలేదు. అక్కడ మెరుపు డ్రైవరు చేతిలో లేదు, సరుకు దించుకునే సేటు చేతిలో ఉంది.

ఓనరుగారు ఇంత ఆలోచించి అన్నారని నేననుకోను. వ్యాఖ్యాతలు ఎప్పుడూ కవి కంటే తెలివైన వాళ్లే.

తాత్పర్యము

ఓరి డ్రైవరూ! లోడు నిండినది. తాడు బిగించి, బరకం అంచులు సరిచూసుకొని బయలుదేరుము. ఆగకుము. నెమ్మదిగా పోయి తొందరగా చేరుము. ఏమైనా అయితే నీదే బాధ్యత.

(ఆఖరి వాక్యం మూలంలో లేదు. తాత్పర్యంలో మాత్రం ఉంది.)

విశేషాంశము

మావాడు పెన్‌గంగ దాటి మహారాష్ట్రలోకి వెళ్లిన రాత్రి ఫోను చేసి, "మామయ్యా, మన నేల అయిపోయింది" అన్నాడు. గొంతులో కొంచెం దిగులు. ఇరవయ్యేళ్లు బడిలో వేలాడదీసిన పటం నాకు కళ్లముందే ఉంది గనక లెక్క చెప్పాను. ఒరేయ్, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటావు. మధ్యలో కృష్ణ పరీవాహకంలో పడ్డావు గాని, నిజామాబాదు దాటాక సోన్ వంతెన మీద మళ్లీ గోదావరే దాటావు. ఇప్పుడు దాటిన పెన్‌గంగ వార్ధాలో కలిసి, ప్రాణహితై, గోదావరిలోకే వస్తుంది. రేపు నాగపూరు అవతల కన్హాన్ వస్తుంది, సివనీ దాటాక వైన్‌గంగ వస్తుంది. అవీ ఆ దారినే వచ్చి, ధవళేశ్వరం ఆనకట్ట దాటి, మన లంకల పక్కనుంచి సముద్రానికి పోతాయి. జబల్పూరు దగ్గర నర్మద కనబడేదాకా నువ్వింకా ఊళ్లోనే ఉన్నావనుకో.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆయ్" అన్నాడు.

ఐదో రోజు చేరాడు. ఓనరుగారు నాలుగో రోజన్నారు. దిగుమతికి మరో రోజున్నర పట్టింది. లెక్కలో పగిలిన కాయలు ముప్పై చిల్లర తేలాయి. ఆ సొమ్ము బత్తాలో కోశారు. తిరుగు లోడు కోసం ఇప్పుడు అక్కడే బండి కింద పడుకుని ఉన్నాడు.

చదువరులకు ఒక మనవి. హైవే మీద మీరు కారులో పోతుంటే ముందు లారీ బరకం అంచు లేచి కొట్టుకుంటూ కనబడొచ్చు. లోపల కూర్చున్నవాడికి అది కనబడదు, ఇంజను మోతలో వినబడదు. పక్కకొచ్చి ఒకసారి హారను కొట్టి, చెయ్యి వెనక్కి చూపించి వెళ్లండి. ఆపి చూసుకుంటాడు.