చెయ్యి చాపితే ప్రింటర్, వయా హైదరాబాద్

మొత్తానికి ఆ సర్క్యులర్ మన దాకా కూడా వచ్చింది. ఇకమీదట ఏ బ్రాంచిలో ప్రింటర్‌నూ ఆ బ్రాంచివాళ్లు ముట్టుకోనక్కర్లేదు. క్యూలు, డ్రైవర్లు, సెట్టింగులు అన్నీ హెడ్డాఫీసులో కూర్చున్నవాళ్లే దూరం నుంచి పెట్టేస్తారు. కింద సంతకం చేసిన పెద్దాయనకు నమస్కారం. ఆ సర్క్యులర్ ఏ ప్రింటర్‌లోంచి వచ్చిందో కూడా రాసుంటే బాగుండేది. ఆయన బల్ల మీదే, యూఎస్‌బీ తీగతో కట్టేసుకున్న సొంత ప్రింటర్‌లోంచి వచ్చిందని నా అనుమానం. పెద్దవాళ్ల గదుల్లో ప్రింటర్ ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటుంది, అడిగిందే తడవుగా పలుకుతుంది.

బ్రాంచిలో సంగతి వేరు. గుమస్తా ప్రింట్ కొట్టగానే ఫైలు హైదరాబాద్‌లోని సర్వర్‌కు బయల్దేరుతుంది. అక్కడ ప్రింటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మారి, ఆ మారడంలో ఒళ్లు కూడా చేసి, వెళ్లిన దారినే తిరిగొచ్చి, గుమస్తా మోచేతి పక్కనున్న ప్రింటర్‌లో దిగుతుంది. నీ ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. దారిలో ఎక్కడో పొక్లెయిన్ కేబుల్ తెంపిందా, ఒకే బల్ల మీదున్న కంప్యూటరూ ప్రింటరూ పలకరించుకోలేవు. ఈ తిరుగుడు తప్పించడానికే మైక్రోసాఫ్ట్‌వాళ్లు 2012 సర్వర్‌లో ‘బ్రాంచ్ ఆఫీస్ డైరెక్ట్ ప్రింటింగ్’ అని ఒక వసతి పెట్టారు. క్యూ సర్వర్‌లో ఉంటుంది, ఫైలు మాత్రం నేరుగా పక్కనున్న ప్రింటర్‌కు పోతుంది. దాన్ని ఎంచుకోవాలంటే ఆ మెనూ ఒకసారి తెరిచి చూడాలి కదా, అంత తీరిక ఎవరికుంది?

సరే, ఫైలు ఎంత చుట్టు తిరిగినా ఓర్చుకుంటాను. నేను ఓర్చుకోలేనిది లెటర్ సైజు.

అమెరికాలో, కెనడాలో వాడే కాగితం అది. వెడల్పు 216 మిల్లీమీటర్లు, పొడవు 279. మనం వాడే ఏ4 వెడల్పు 210, పొడవు 297. దూరం నుంచి క్యూ పెట్టే మహానుభావుడు సర్వర్‌ను ‘ఇంగ్లీష్, యునైటెడ్ స్టేట్స్’ మీదే వదిలేస్తాడు. డ్రైవర్ ఆ మాట నమ్మి, కాగితం లెటరే అని తీర్మానించుకుంటుంది. ఇక ప్రింటర్ ట్రే నిండా ఏ4 పెట్టుకుని కూడా ‘కాగితం లేదు, పెట్టండి’ అని దీపం మిణుకుమనిపిస్తూ కూర్చుంటుంది. అది అడిగే కాగితం మన బజారులో ఏ స్టేషనరీ షాపులోనూ దొరకదు.

పోనీ ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో చూడండి. అక్కడాయన సర్వర్‌లో ‘ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్’ తెరిచి ఏ4 అని మారుస్తాడు. అది ఆయన ఒక్కడికే వర్తిస్తుంది. అందరికీ వర్తించే ‘ప్రింటింగ్ డిఫాల్ట్స్’ అనే బటన్ ‘అడ్వాన్స్‌డ్’ అనే పక్క ట్యాబ్‌లో ఉంటుంది. ఆయన తన ఖాతాలో చూసుకుంటాడు, ఏ4 అనే కనిపిస్తుంది. ‘సార్, ఇక్కడ కరెక్ట్‌గానే ఉందండీ, మీ ట్రే ఒకసారి చూసుకోండి’ అంటాడు. ట్రే లాగి, తోసి, మళ్లీ లాగి, ఆఫ్ చేసి ఆన్ చేస్తారు మనవాళ్లు. ఈలోగా అటు టికెట్ మూతపడిపోతుంది.

చివరికి మనవాళ్లే విరుగుడు కనిపెడతారు. ఆకుపచ్చ మీట నొక్కితే ప్రింటర్ అలక మాని ఉన్న కాగితం మీదే కొడుతుంది. అంచుదాకా పట్టిక ఉన్న రసీదైతే కుడివైపు ఆరు మిల్లీమీటర్లు ఎగిరిపోతాయి. రసీదుల్లో కుడివైపు చివర ఏముంటుందో మీకు వేరే చెప్పాలా? మొత్తం రూపాయలు! అది కూడా ఆయన స్క్రీన్‌లో సరిగ్గానే కనబడుతుంది.

అసలు ఆయనకు స్క్రీన్ తప్ప ఇంకేం కనబడదు. ఫైలు ప్రింటర్‌కు అప్పగించడం పూర్తవగానే క్యూ ఖాళీ అవుతుంది. క్యూ ఖాళీ అయితే ఆయన లెక్కలో పని అయినట్టే. ఇక్కడ కాగితం ఇరుక్కుందో, తెల్లగా వచ్చిందో, అసలే రాలేదో ఆయనకు అనవసరం. ఇటు కౌంటర్ ముందు పింఛను పత్రం కోసం వచ్చిన ముసలాయన కూలీ పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చి నిలబడి ఉంటాడు. రేపు రమ్మంటారు. రేపు కూడా క్యూ ఖాళీగానే ఉంటుంది. ఆయన తిట్టేది ఎవర్ని? కౌంటర్‌లో ఉన్న ఆ అమ్మాయిని. డ్రైవర్ మార్చే అధికారం ఆమె దగ్గర లాగేసుకున్నారు, తిట్లు తినే బాధ్యత మాత్రం ఆమెకే వదిలేశారు. సిగ్గుండాలి. మీ ఖర్చు తగ్గిందని సంబరపడుతున్నారే, ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు. ముసలాయన జేబులోంచి పోతోంది.

భద్రత కోసమే అధికారాలు తీసేశామంటారు. ఒప్పుకుంటాను, 2021లో విండోస్ స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద బొక్క బయటపడింది, ఆ తర్వాతే అడ్మిన్లు తప్ప ఎవరూ డ్రైవర్లు వేయకుండా కట్టడి చేశారు. అయితే ఒక్క అడ్మిన్‌నైనా జిల్లాలో ఉంచండి. భద్రత అంటారా, బంగ్లాదేశ్ బ్యాంకు కథ వినండి. 2016 ఫిబ్రవరి 5న ఢాకాలో స్విఫ్ట్ లావాదేవీలు అచ్చువేసే ప్రింటర్ మూగబోయింది. ప్రింటర్లకిది మామూలేలే అనుకున్నారు అక్కడివాళ్లు. దాని నోరు నొక్కింది దొంగలు. న్యూయార్క్‌లోని ఖాతాలోంచి 95.1 కోట్ల డాలర్లు లాగబోయి, 8.1 కోట్లు ఫిలిప్పీన్స్‌కు దాటించేశారు. పాడైన ప్రింటర్‌ను ఎవరూ అనుమానించకపోవడం దొంగలకు కలిసొచ్చింది. మీరు ప్రతి బ్రాంచిలోనూ ఆ అలవాటే నేర్పిస్తున్నారు.

క్లౌడ్‌లో పెడితే అన్నీ సర్దుకుంటాయని ఇంకో వర్గం. గూగుల్ క్లౌడ్ ప్రింట్ 2010లో మొదలై, 2020 డిసెంబరు 31న మూతపడేదాకా బీటాగానే ఉంది.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. బ్రాంచికొక యూఎస్‌బీ తీగ ఇవ్వండి, ఒక్క లోకల్ ప్రింటర్ వదలండి. లైను పడిపోయిన రోజు ముసలాయన పని ఆగదు. ఈ మాట అడిగితే వచ్చిన జవాబు: యూఎస్‌బీ పోర్టులు కూడా హెడ్డాఫీసు నుంచే మూసేశారట, తెరవాలంటే ఫారం నింపి, ప్రింట్ తీసి, సంతకంతో పంపాలట.