‘నో సిగ్నల్’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: నో సిగ్నల్. చెక్ కేబుల్.

అవతారిక: కొత్త ల్యాప్‌టాప్‌ను పాత మానిటర్‌కు తగిలించిన గృహస్థుడికి దర్శనమిచ్చే వాక్యద్వయమిది. కర్త అజ్ఞాతుడు. నల్లటి తెర మీద చిన్న పెట్టెలో కూర్చుని ఈ మూల నుంచి ఆ మూలకు నింపాదిగా ఈదుతూ ఉంటుంది. కాసేపటికి అదీ మాయమై, కింద దీపం నారింజ రంగుకు తిరుగుతుంది. సూత్రమన్నాక అల్పాక్షరంగానూ అసందిగ్ధంగానూ ఉండాలని పెద్దల మాట. మొదటి లక్షణం పుష్కలంగా ఉంది. రెండోది లేదు కనకనే ఈ వ్యాఖ్య. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కొలచెలమ మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయనకు కన్వర్టర్ కొనే అవసరం రాలేదు.

ప్రతిపదార్థం: నో = స్పష్టము. సిగ్నల్ = స్పష్టము. చెక్ = స్పష్టము.

మన వ్యాఖ్యాతల సంప్రదాయమే ఇది. రాముడనగా దశరథుని కుమారుడని అరపేజీ వివరించి, చదువరి నిజంగా గింజుకునే చోట ‘స్పష్టము’ అని పక్కకు తప్పుకుంటారు. హెల్ప్‌లైన్ వారూ ఆ శాఖవారే. ‘ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి సార్’ అన్నది వారి స్పష్టము.

కేబుల్ = ఇక్కడ ఆగాలి.

విశేషం: వెనకటికి తీగను చూస్తే దాని పని తెలిసేది. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏకు నీలం మూతి, 15 పిన్నులు, అటూ ఇటూ మరలు. బొమ్మ తప్ప మరేమీ మొయ్యదు, మోస్తానని చెప్పనూ చెప్పదు. 2002 చివర్లో వచ్చిన హెచ్‌డీఎంఐ బొమ్మతోపాటు శబ్దాన్నీ నెత్తికెత్తుకుంది. ఏ రూపానికి ఆ అర్థం. 2014లో టైప్-సి వచ్చింది. ఇంత సన్నటి నోట్లో 24 పిన్నులు. ఛార్జింగూ ఇందులోంచే, ఫైళ్లూ ఇందులోంచే, బొమ్మా ఇందులోంచే. అలంకారశాస్త్రం చదివినవాడు దీన్ని చూడగానే గుర్తుపడతాడు. ఇది శ్లేష.

శ్లేష అనగానే పింగళి సూరన. పదహారో శతాబ్దంలో రాఘవపాండవీయం రాశాడు మహానుభావుడు. అదే పద్యం ఒకలా అన్వయిస్తే రామాయణం, మరోలా అన్వయిస్తే భారతం. మాటను విరవకుండా రెండో అర్థం వస్తే అభంగం, విరిస్తే వచ్చేది సభంగం. టైప్-సిలో రెండూ ఉన్నాయి సుమండీ! వేగంగా నడిచే దారులు నాలుగు. నాలుగూ బొమ్మకే ఒప్పజెబితే అభంగం. తెర దేదీప్యమానంగా వెలుగుతుంది, అదే తీగ మీద నడిచే పెన్‌డ్రైవ్ మాత్రం యూఎస్‌బీ 2.0 నాటి నడకకు దిగుతుంది. రెండు బొమ్మకు, రెండు ఫైళ్లకు పంచితే సభంగం. ఇక తిరగేసి గుచ్చినా పనిచేస్తుందన్నది మరో చమత్కారం. అదీ సూరనకు కొత్త కాదు. ముందు నుంచి చదివితే తెలుగు, వెనక నుంచి చదివితే సంస్కృతం అయ్యే పద్యాన్ని కళాపూర్ణోదయంలో పెట్టాడు. అన్నట్టు, రాఘవపాండవీయాన్ని తనకంటే ముందే భీమకవి చెప్పాడని పెద్దలు అంటారే గాని దాన్ని కళ్లారా చూసినవాడు లేడని సూరన అవతారికలో చెప్పుకున్నాడు. అన్నిటికీ పనికొచ్చే కేబుల్ సంగతీ అంతే. సూరన పద్యాలు కొరుకుడు పడని వారికి ముద్దరాజు రామన వ్యాఖ్య ఉంది. చేత పట్టుకు కూర్చుంటే సాయంత్రం ఎలా గడిచిందో తెలియదు.

తెర ఇంకా నల్లగానే ఉంది. కనక ప్రకృతానికి వద్దాం. ద్వ్యర్థి కావ్యంలో రెండర్థాలూ కవి బాధ్యత. ‘ఇందులో రామకథ ఐచ్ఛికం, ప్రతిని బట్టి ఉండవచ్చు లేకపోవచ్చు’ అని సూరన రాసుకోలేదు. టైప్-సి నిబంధనలు సరిగ్గా అదే అంటాయి. బొమ్మ మోయడానికి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అని పేరు. తయారీదారుకు బుద్ధి పుడితే పెడతాడు, లేకుంటే మానేస్తాడు. నా ల్యాప్‌టాప్ ఎడమ పక్కన రెండు టైప్-సి రంధ్రాలున్నాయి. ఒకదాంట్లోంచి బొమ్మ వస్తుంది, రెండోదాంట్లోంచి రాదు. గుర్తు వేశాం కదా అంటారు. వేశారు. నల్లటి ఒంటి మీద నల్లటి అచ్చుతో ఆవగింజంత ‘డి’. ఫోన్ టార్చి వేసి, యంత్రాన్ని ఓరగా ఎత్తి పట్టుకుంటే కనిపిస్తుంది. అరవై వేలు పోసిన వస్తువు మీద తెల్ల సిరాకు కరువొచ్చిందా?

తీగలదీ ఇదే తంతు. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే టైప్-సి తీగల్లో చాలావాటికి ఆ నాలుగు దారులే ఉండవు. బయటికి మాత్రం అవే కొసలు, అదే లావు, అదే తెలుపు. ‘చెక్ కేబుల్’ అన్న సూత్రకారుణ్ణి అడుగుతున్నాను: ఎలా చెక్ చెయ్యాలి? కోసి చూడాలా?

పూర్వపక్షం: ‘అన్నిట్ల పనిచేస్తది సార్, యూనివర్సల్ ఇది’ అని దుకాణం కుర్రాడు కన్వర్టర్ చేతిలో పెట్టాడు.

సిద్ధాంతం: పనిచేసింది. అతని కంప్యూటర్‌లో.

ఇంట్లో పెట్టగానే బొమ్మ రాలేదు. రంధ్రం మార్చితే వచ్చింది గాని అక్షరాలు సాగిపోయి, వెడల్పుగా, మసకగా వచ్చింది. కారణం శాస్త్రీయమే. మానిటర్ తనకు తగిలిన యంత్రానికి 128 బైట్లలో ప్రవర చెప్పుకుంటుంది: ఏ సంస్థ తయారీ, ఏ ఏట పుట్టాను, ఎన్ని చుక్కలు చూపగలను. దీన్నే ఈడీఐడీ అంటారు. మధ్యవర్తి ఆ ప్రవర మింగేస్తే కంప్యూటర్ ఊహించుకుని ఏదో ఒక కొలత పంపుతుంది.

పాఠాంతరాలు: 5 గిగాబిట్ల యూఎస్‌బీ 3.0 కొన్నాళ్లకు 3.1 జెన్ 1 అయింది, ఆ తరవాత 3.2 జెన్ 1 అయింది. వేగం మాత్రం అదే 5. హెచ్‌డీఎంఐలో 2.0 అనేది ఇక లేదని, అది 2.1లో కలిసిందని, 2.1 కొత్త సుగుణాలు మళ్లీ ఐచ్ఛికమని 2021లో సాక్షాత్తు లైసెన్సు ఇచ్చేవారే చెప్పారు. అంటే డబ్బా మీద 2.1 అని చదివి కొన్నవాడికి లోపల 2.0 దొరికినా అడిగే హక్కు లేదు. తాళపత్రాలు రాసినవారు పాఠాలను తెలియక మార్చారు. వీరు తెలిసే మార్చారు.

తాత్పర్యం: బొమ్మ రాలేదు.

గద్యం: ఇది శ్రీమత్ కన్వర్టర్ద్వయ క్రయవ్యయ పరితప్త, టార్చిదీప సహాయ, సహజచిరాకు ధురీణ ప్రణీతంబైన నిస్సిగ్నల్ వ్యాఖ్యయందు ప్రథమాశ్వాసము. రెండో కన్వర్టర్‌తో బొమ్మ చక్కగా వచ్చింది. శబ్దం మాత్రం ల్యాప్‌టాప్‌ను వదిలి, స్పీకర్లే లేని మానిటర్‌లోకి వెళ్లి కూర్చుంది. అది ద్వితీయాశ్వాసం.