ఖాళీ కనిపిస్తే హ్యాచ్ కొట్టేయ్

కొత్తగా డ్రాఫ్టింగులో చేరిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ముందుగా ఒక మాట. ప్లానులో తెల్లగా మిగిలిన చోటల్లా సారు కంటికి పని ఎగ్గొట్టినట్టే ఉంటుంది. గోడ, గది, మెట్లు, లిఫ్టు గుంత, ఆఖరికి నార్త్ పాయింటు పక్కనున్న జాగా కూడా వదలొద్దు. వెనకటివాళ్లు సెట్‌స్క్వేర్ జరుపుకుంటూ నలభై ఐదు డిగ్రీల గీతలు ఒక్కొక్కటే లాగేవాళ్లు గనక అవసరమైన చోటే గీసి ఊరుకున్నారు. ఆటోక్యాడ్ వచ్చిన కొత్తలోనూ హద్దు గీతల్ని మనమే ఏరి చూపించాల్సి వచ్చేది. 1992లో పన్నెండో రిలీజు వచ్చి, లోపల ఒక చోట క్లిక్ చేస్తే చాలు హద్దులు నేనే వెతుక్కుంటాను అన్నాక ఇంకా పొదుపెందుకు? హెచ్ కొట్టు, ఎంటర్ కొట్టు, గది మధ్యలో ఒక క్లిక్ వెయ్యి.

ఒక్కోసారి మొరాయిస్తుంది. మూసుకున్న హద్దు దొరకలేదని చెప్పి, సందున్న చోట ఎర్ర సున్నాలు చుట్టి చూపిస్తుంది. జూమ్ చేసి చూస్తే రెండు గోడ గీతలు మూల దగ్గర మిల్లీమీటరు ఎడంలో ఆగిపోయి ఉంటాయి. సున్నా రేడియస్‌తో ఫిల్లెట్ కొడితే కలిసిపోతాయి, కాదనను. కానీ ఒక మూల సరిచేసినవాడికి రెండో మూల కూడా చూడాలనిపిస్తుంది. ఈ జబ్బు ముదిరితే సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరలేవు. అందుకని హెచ్‌పీగ్యాప్‌టాల్ అని కొట్టి, అది ఒప్పుకునే అన్నింటికన్నా పెద్ద అంకె 5000 ఇచ్చేయ్. మిల్లీమీటర్లలో గీసిన ప్లానులో అది అయిదు మీటర్లు. ఇక గుమ్మమైనా కారు షెడ్డయినా దాని లెక్కలో పూడ్చదగ్గ సందే. ఏ గది ఎక్కడ ముగిసిందో సాఫ్ట్‌వేరు ఊహించుకుంటుంది, నువ్వు టీకి వెళ్లొచ్చు.

స్కేలు దగ్గర చాలామంది బుర్ర పాడుచేసుకుంటారు. నా సూత్రం తేలిక: ఏఎన్‌ఎస్‌ఐ అని మొదలయ్యే ప్యాటర్న్‌లకి 1, ఏఆర్ అని మొదలయ్యే వాటికి 100. దీన్ని తిరగేసి చేసేవాళ్లు ఉన్నారు. ఏఆర్ ప్యాటర్న్‌లు కట్టడం అసలు కొలతకే తయారై ఉంటాయనీ, ఏఎన్‌ఎస్‌ఐవి కాగితం మీది కొలతవి గనక పెంచుకోవాలనీ వాదిస్తారు. వాళ్లతో మనకెందుకు? ఏఎన్‌ఎస్‌ఐ31 మెట్రిక్ ఫైల్లో 1 స్కేలుకి గీతకీ గీతకీ మధ్య 3.175 మిల్లీమీటర్లు. 1:100లో ప్రింటు తీస్తే ఆ ఎడం మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు. తొమ్మిదంగుళాల గోడ కాటుక దిద్దినంత నల్లగా వస్తుంది. జిరాక్స్ షాపువాడు టోనర్ గురించి ఏదో అంటాడు, వినపడనట్టు ఉండు. ఇటు ఏఆర్-కాంక్‌ని 100కి పెంచితే కాంక్రీటు కంకరలో ఒక్కో గీత బారెడు పొడుగవుతుంది. పిల్లర్ లోపల ఏమీ పడదు, పడితే ఒక మూల ఓ గీత. హ్యాచ్ కొట్టావా అని సారు అడిగితే కొట్టాననే చెప్పు, అబద్ధం కాదు.

గీతలు మరీ చిక్కనై, ఇక గీయలేనని ఆటోక్యాడే చేతులెత్తేస్తే హెచ్‌పీమ్యాక్స్‌లైన్స్ పది లక్షల నుంచి కోటికి పెంచు. ఫైలు తెరుచుకునేలోపు టిఫిన్ అయిపోతుంది.

ఏ వస్తువుకి ఏ ప్యాటర్న్ అన్నది అందాన్ని బట్టి తేల్చుకో. ఏఎన్‌ఎస్‌ఐ37 అటూ ఇటూ ఏటవాలు గీతల గళ్లు, చూడముచ్చటగా ఉంటుంది, బాత్రూముకి వెయ్యి. ప్యాటర్న్ ఫైల్లో దాని పేరు పక్కన సీసం, జింకు, మెగ్నీషియం, ఇన్సులేషన్ అని రాసుంటుంది. బాత్రూములో సీసం ఎందుకని అడిగే కాంట్రాక్టరు నాకైతే ఇంతవరకు తగల్లేదు. డ్రాయింగు మూలన సూచిక పట్టిక పెట్టమంటారు, పెట్టకు. పెడితే ఒకే ప్యాటర్న్ ఇటుకకీ ఇసుకకీ గడ్డికీ వాడావని తేలిపోతుంది.

మెషిన్ డ్రాయింగులో అయితే అన్ని భాగాలకీ ఒకే ఏటవాలు, ఒకే ఎడం. పక్కపక్క భాగాలకి గీతలు ఎదురు దిక్కున ఉండాలనీ, బోల్టునీ షాఫ్టునీ పొడుగునా కోసినట్టు చూపినప్పుడు వాటిలో హ్యాచ్ ఉండకూడదనీ పాలిటెక్నిక్‌లో చెప్పే ఉంటారు. బోల్టు ఏం పాపం చేసింది?

ఇక టైల్స్. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే, అదీ మనది కాదు. హాలు 3600కి 4800 అనుకో. రెండడుగుల టైలు, అంటే 600. ఒరిజిన్‌ని గది మూలకి తెచ్చిపెడితే, సందులు వదిలేసి చూస్తే, అటు ఆరు ఇటు ఎనిమిది, నలభై ఎనిమిది నిండు టైల్స్ పడతాయి, ఒక్క కోత ఉండదు. మేస్త్రి పాట పాడుకుంటూ పరుచుకుపోతాడు. అది మనకి మంచిది కాదు, డ్రాయింగు చూడకుండా పని అయిపోతే డ్రాయింగుకి విలువేముంది? కాబట్టి ఒరిజిన్‌ని ముట్టుకోకు. ప్లాను ఎక్కడో దూరాన ఉంటుంది, గళ్లు 0,0 నుంచి లెక్క పెట్టుకుంటూ వచ్చి గదిలో తోచిన చోట పడతాయి. గుమ్మం దగ్గర 70 మిల్లీమీటర్ల ముక్క, అవతలి గోడకి 530. రెండు వైపులా అలాగే జరిగితే నిండు టైల్స్ ముప్పై అయిదే, మిగతా చుట్టూతా కోత మిషనే. ఇంట్లో అడుగుపెట్టిన ప్రతివాడూ తొక్కేది ఆ నాలుగువేళ్ల ముక్కనే.

హ్యాచ్ అయ్యాక వెంటనే ఎక్స్‌ప్లోడ్ కొట్టు. అసోసియేటివ్ హ్యాచ్ అని ఒకటుంది, హద్దు జరిపితే తనూ జరుగుతుంది. వాస్తు కోసం వంటగది గోడ అడుగు ఇటు జరపమన్నారనుకో, హ్యాచ్ కూడా గొర్రెలా వెంట పోతుంది. అది బానిసత్వం. విడగొట్టిన గీతలు అలా కావు, గోడ పోయినా పాత చోటే నిలబడి పాత ప్లాను ఎలా ఉండేదో చెబుతాయి. ఇంకో లాభం: హ్యాచ్ మీద క్లిక్ చేస్తే ప్రాపర్టీస్‌లో విస్తీర్ణం కనిపిస్తుంది, ఎస్టిమేషన్ చేసేవాళ్లు నిమిషంలో చదరపు మీటర్లు దించుకుపోతారు. విడగొట్టావంటే ఆ అంకె ఉండదు. వాళ్లు ప్రింటు మీద స్కేలు పెట్టి కొలుచుకుంటారు, నల్లగా లేని చోట.

గది పేర్ల సంగతి. మామూలుగా ఐలాండ్ డిటెక్షన్ అనేది అక్షరాల చుట్టూ కాస్త ఖాళీ వదులుతుంది. దాన్ని ఇగ్నోర్‌లో పెడితే హ్యాచ్ పేరు మీదుగానే దూసుకుపోతుంది. పూజగదేదో స్టోరేదో తెలియక సైటు నుంచి ఫోన్ వస్తుంది. అప్పుడు హ్యాచ్‌ని వెనక్కి పంపడం కాదు, పేరుని లేత పసుపులోకి మార్చి పెద్దది చెయ్యి. తెర మీద మెరుస్తుంది. తెల్లకాగితం మీద కనపడకపోతే ప్రింటరు తప్పు.

లేయర్లు అడక్కు. అన్నీ సున్నా లేయర్‌లోనే.

ఇన్ని చేశాక కూడా సైటు ఇంజనీరు తగువుకొస్తే పనికొచ్చే నోట్ ఒకటుంది, టైటిల్ బ్లాక్ పైన ఇప్పుడే రాసిపెట్టుకో: "హ్యాచ్ కేవలం సూచన మాత్రమే, వాస్తవ పరిస్థితిని సైటులో సరిచూసుకోగలరు." రాసి, దాని మీద ఏఆర్-శాండ్ చల్లు.