ఎనిమిది వందల రెట్లు

టేపా, డీవీడీయా, హార్డ్‌డిస్కా అని అడిగేవాణ్ని ఇకమీదట మా గడప తొక్కనివ్వదలచుకోలేదు. ఇరవై రోజులైంది. పాప ఓణీల ఫంక్షను ముంచుకొస్తోంది. ఈ 2007లో వీడియో కెమెరా కొనడం కంటే సంబంధం చూడ్డమే తేలిక. అక్కడైతే మధ్యవర్తి అబద్ధాలన్నీ తెలుగులోనే చెబుతాడు.

ఒంగోలులో కొట్టు కుర్రాడు "ఏ ఫార్మాట్ కావాలి సార్?" అన్నాడు. "బొమ్మ పడేది" అన్నాను. జాలిగా చూశాడు.

మినీడీవీ టేపు 1995 నుంచీ ఉన్నదట, గంటసేపు పడుతుందట, బొమ్మ కూడా బాగుంటుందట. కాకపోతే కంప్యూటర్లోకి ఎక్కించాలంటే ఫైర్‌వైర్ అనే తీగ కావాలి. గంట బొమ్మకి 13 జీబీ. మా కంప్యూటరు పొట్ట మొత్తం కలిపి 40. మూడు గంటలు మేపితే నెమరు కూడా వెయ్యలేదు. పోనీ డీవీడీదంటే, ఎనిమిది సెంటీమీటర్ల బిళ్ల, నాణ్యంగా తీస్తే అరగంట లోపే సరి. మావాళ్ల ఫంక్షన్లో అరగంటకి చదివింపులు మైకులో సగం కూడా పూర్తికావు. హార్డ్‌డిస్కుదైతే గంటల తరబడి పడుతుంది. చెయ్యిజారితే ఆ గంటలన్నీ ఒక్కసారే పోతాయి.

డల్లాస్‌లో ఉన్న మా బావమరిది "నేను తెస్తాలే బావా" అన్నాడు. ఆ ఒక్క రాత్రి నిద్రపోయాను. తెల్లారి మా వీధి వీడియో అబ్బాయి వచ్చి, "అమెరికాది వద్దన్నా. వాళ్లది ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్" అన్నాడు.

"పాలు మనవే మంచివి కదరా, అంతదూరం నుంచెందుకు?" అంది అమ్మ వంటింట్లోంచి.

మన టీవీకి సెకనుకు 25 బొమ్మలు, వాళ్లదానికి దాదాపు 30. ఆ తేడాకి పడే తిప్పలన్నీ ఆ అబ్బాయి ఏకరువు పెట్టాడు. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి, నెలోర్ అని పేరు మార్చుకుని, మందలు మందలుగా వర్ధిల్లింది. దానికి అడ్డురాని ఫార్మాటు ఈ పిడికెడు డబ్బాకి వచ్చింది!

మళ్లీ కొట్టుకే వెళ్లాను. తక్కువ వెలుతుర్లో ఎలా తీస్తుందో చూపిస్తానని కుర్రాడు లైట్లార్పాడు. తెర నల్లబడి, దాని మీద సన్నని చుక్కలు లేచాయి. "ఇది నాయిస్ సార్. చీప్ మోడల్లో ఉంటుంది" అన్నాడు.

నలుపు మీద చుక్కలు చూపించి లోపమంటాడా, అదీ చీమకుర్తి వాడితో! మా ఊరు అన్నం తినేదే నలుపు మీద చుక్కలతో. గెలాక్సీ గ్రానైటు అంటే మరేమిటి? ఆ మెరిసే చుక్క బ్రాంజైటు అనే ఖనిజం. భూగర్భశాస్త్రవేత్తలైతే అసలిది గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి అంటారు. అన్నా రేటు తగ్గలేదు కాబట్టి మేమెవరం పట్టించుకోలేదు. కొనేవాడు విమానమెక్కి వచ్చి, పలక మీద నీళ్లు కొట్టించి, మోకాళ్ల మీద వంగి చూసేది ఆ చుక్కలనే. చిన్న చుక్కా, పెద్ద చుక్కా? ఒత్తా, పలచనా? బంగారు రంగేనా, తెల్లబోయిందా? మా బాబాయి ముప్పయ్యేళ్లు క్వారీల్లో పనిచేశాడు. చుక్క చూసి అది ఏ గొయ్యి రాయో చెప్పగలడు. ఆ కెమెరా తెర ఆయనకి చూపిస్తే, వేలు తడిచేసి రుద్ది, "చుక్క ఒత్తుగానే ఉందిరా, రంగే తేలిపోయింది. సెకండ్స్ కింద పోద్ది" అని ఉండేవాడు. రాతిలో చార పడితే రిజెక్టు. టేపు హెడ్డుకి దుమ్ము పట్టినా బొమ్మలో పడేది చారే. ఆ దుమ్మూ మా రాతిదే! చుక్కకి ధర కట్టేవాళ్లున్నారు గానీ దుమ్ముకి కట్టేవాళ్లే లేరు.

"దుమ్ము పడితే వారంటీ వర్తించదు సార్, ముందే చెబుతున్నా" అన్నాడు కుర్రాడు.

మా ఊపిరితిత్తులకీ అదే షరతు. కర్నూలు రోడ్డు మీద రాళ్ల లారీ పోయిందంటే ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి. నేను కొనబోయేది కెమెరానా, ఇంకో తుడుచుకునే వస్తువా?

చివరికి మా మిత్రుడు తన కెమెరాని ఒక సాయంత్రానికి అరువిచ్చాడు. పెట్టె మీద 25 అని చిన్నగా, 800 అని గుమ్మడికాయంత ఉంది. 25 రెట్ల దాకా అద్దం పని. ఆ పైది ఉన్న బొమ్మనే సాగదీయడం. దోసెపిండిలో నీళ్లు పోసినట్టు. పక్కింటి గేదెను 800 రెట్లకి లాగితే ఆరు నల్లగళ్లొచ్చాయి. గళ్ల లుంగీ అంటే నమ్మేవాళ్లు.

డాబా మీద ఈ ప్రయోగాలు చేస్తుంటే అమ్మ మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఆమె డాబా ఎక్కి రెండేళ్లయింది.

"ఒరే, ఎనిమిది వందల రెట్లు దగ్గరికి లాగుద్దంటగా. మన తూర్పుచేను కనపడిద్దేమో చూడు."

ఆ చేను నాన్న హయాంలోనే క్వారీకి పోయింది. ఇప్పుడక్కడ తాటిచెట్లు మునిగేంత గొయ్యి. దాని రాయి ఏ దేశంలో ఎవరి వంటగట్టు అయిందో. అమ్మకివన్నీ తెలుసు.

కెమెరా అటు తిప్పాను. 25 దగ్గర వేస్టురాళ్ల గుట్ట, దాని మీద ఒక క్రేను కనిపించాయి. 800 దాకా నొక్కాను. తెరంతా బూడిదరంగు గళ్లు.

అమ్మ కళ్లజోడు సవరించుకుంది. ఒక గడి మీద వేలుపెట్టి, "ఇదిగో, బావి ఇక్కడ" అంది. "ఈ పక్కంతా మిరప. గట్టెంబడి కంది వేసేవాళ్లం. మీ నాన్న మోటారు కట్టకుండా ఇంటికొచ్చేసి, అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చి పరిగెత్తేవాడు."

బ్యాటరీ గుర్తు ఎర్రగా కొట్టుకుంటున్నా ఆమె చెబుతూనే ఉంది. రికార్డు బటను నొక్కలేదని కిందికి దిగాక గుర్తొచ్చింది.