కోటు ముందు, కట్ట తర్వాత

(శ్రీకాకుళం కోర్టు బయట టీకొట్టు. కోటుబాబు బీఏ రెండో ఏడు. దావానాయుడు గట్టు తగాదాలో జుట్టు నెరిసినవాడు. గుమస్తాగారు ఎందరినో వకీళ్లను చేసి, తాను గుమస్తాగానే మిగిలినవాడు.)

నాయుడు: ఏటల్లుడూ, ఇంత ఎండలో నల్లకోటేటి? జొరమొచ్చినాదేటి?

కోటుబాబు: లాకి ప్రిపేరవుతున్నాను మావా. ఇప్పట్నుంచే అలవాటవ్వాలని. బండికి అడ్వకేట్ స్టిక్కరు కూడా వేయించాను. దారిలో ఆపడం మానేశారు.

నాయుడు: అయితే సగం పేక్టీసు అయిపోనాది!

గుమస్తా: కోటెంతయింది బాబూ?

కోటుబాబు: రెండువేల రెండొందలు.

గుమస్తా: జనరల్ వాళ్ల దగ్గర ఎన్‌రోల్‌మెంటుకి 750 రూపాయలు దాటి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు హోదా కన్నా నీ కోటే ఖరీదు.

కోటుబాబు: అది సరేగానీ, లాకి ఏ గ్రూపు మంచిదండీ? పొలిటికల్ సైన్సా, ఎకనామిక్సా?

గుమస్తా: మూడేళ్ల లాకి ఏ డిగ్రీ అయినా ఒకటే. జనరల్ వాళ్లకి 45 శాతం ఉంటే చాలు. మన శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రిగారు ఫిలాసఫీ చదివి, తర్వాత లా చదివి విశాఖలో ప్రాక్టీసు పెట్టారు. సారా కేసుల్లో ఏం చూశారో కథల్లో ఉంది. చదివావా?

కోటుబాబు: సిలబస్‌లో లేదు కదండీ. లాసెట్ 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగిటివ్ మార్కుల్లేవు. 42 వస్తే క్వాలిఫై.

నాయుడు: నూట ఇరవైకి నలభైరెండేనా? నా వకీలు ఎలగ పాసయినాడో ఇప్పుడు తెలిసినాది.

కోటుబాబు: ఐపీసీ మొత్తం బట్టీ పట్టేశాను. హత్యకి 302, మోసానికి 420. సెకండ్‌హ్యాండ్ మెటీరియల్, సగం ధరకే దొరికింది.

గుమస్తా: దొరక్కేం! 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్య 103, మోసం 318.

నాయుడు: మరి నాలుగొందలిరవై గాళ్లందరూ ఏటైపోనారు?

గుమస్తా: వాళ్లు బాగానే ఉన్నారు. నంబరే మారింది.

కోటుబాబు: పోనీండి, లా అవగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసేస్తాను. ప్రాక్టీసు గొడవుండదు.

గుమస్తా: 2025 మేలో సుప్రీంకోర్టు దానికి మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది బాబూ. రీల్స్‌లో రాలేదా?

(కోటుబాబు టీ ఊదుకుంటాడు. నాయుడు సంచిలోంచి ఎర్ర తాడు కట్టిన కాగితాల కట్ట తీస్తాడు.)

నాయుడు: ఇవన్నీ నాకెందుగ్గానీ, ఇది నా దస్తావేజు, ఇది దావా. నా కళ్లకి ఆనట్లేదు. సదివి ఇనిపించు.

కోటుబాబు: తెలుగా? నేను లీగల్ ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను మావా.

నాయుడు: నా భూమికి ఇంగిలీసు రాదల్లుడూ. సదువు.

కోటుబాబు: (కూడబలుక్కుంటూ) తూర్పు... కామందు గారి మెట్టు. పడమర... గెడ్డ. ఉత్తరం... (ఆగి) ఇదేంటి? దస్తావేజులో గెడ్డ పడమరనుంది. దావాలో తూర్పున రాశారు!

(గుమస్తాగారికి దగ్గు వస్తుంది. దావా టైపు చేసింది ఆయనే.)

నాయుడు: ఏటీ? పంతొమ్మిదేళ్ల బట్టి నా గెడ్డ తూర్పునుందా?

గుమస్తా: సవరణ పిటిషన్ వేసుకోవచ్చులే నాయుడూ. సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 6, రూల్ 17. కాకపోతే విచారణ మొదలైపోయింది కదా, శ్రద్ధగా చూసుకున్నా ముందు దొరకలేదని కోర్టుకి చూపించాలి.

నాయుడు: శ్రద్ధగా సూసిందెవులు? కోటేసుకున్న గుంటడు ఒక్క పేజీ సదివితే దొరికీసినాది గదా!

కోటుబాబు: మావా, ఇది లాసెట్‌లో అడుగుతారా?

నాయుడు: లాసెట్ సంగతి నాకు తెల్దు. సోమవారం వాయిదా. ఆ కోటిప్పీసి ఇలాగ నీడలో కూకో, మిగతా కట్ట కూడా సదివీయి. టీ డబ్బులు నానిస్తాను.