టైగర్ వాళ్ల సారు

అమ్రాబాద్‌లో పెద్దపులుల కోసం సర్కారు 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవిని కేటాయించింది. ఆ పులుల్లో దేనికీ దక్కని మర్యాద ఊళ్లో ఒక కుక్కకు దక్కుతుంది. దాని పేరూ టైగరే. యజమాని రిటైరైన సారు. ఇట్లాంటి సార్లు ప్రతి మండల కేంద్రంలోనూ ఒకరుంటారు. పేరు అడగక్కర్లేదు, కుక్క పేరు చెప్తే ఇల్లు చూపిస్తారు.

సారు కూతురు డాలస్‌లో ఉంటుంది. అక్కడ అక్టోబర్ 31న హాలోవీన్. పిల్లలు దయ్యాల వేషాలేసుకొని ఇంటింటికీ వచ్చి చాక్లెట్లు అడుగుతారు. ఆ వేషాలకు, మాటిమాటికీ మోగే గంటకు కుక్కలు బెదిరి, తెరిచిన తలుపులోంచి రోడ్డున పడతాయి. అక్కడివాళ్లు పాటించే జాగ్రత్తలన్నీ ఆమె తండ్రికి వాట్సాప్‌లో పంపింది. 2024లో దీపావళి కూడా సరిగ్గా అదే తేదీన పడింది. ఇంక సారును ఆపేదెవరు?

పొద్దు గూకకముందే టైగర్‌ను లోపలి అర్రలోకి తోలి, కిటికీలకు చద్దర్లు కట్టాడు. మెచ్చుకోవాల్సిందే. మనిషి చెవికి 20,000 హెర్ట్జ్ దాకానే వినిపిస్తే, కుక్క చెవికి దాదాపు 45,000 దాకా వినిపిస్తుంది. మనకు పండుగయ్యే మోత దానికి పిడుగు. కానీ బయటి చప్పుడు వినపడకుండా టీవీ పెట్టమని కూడా ఆ మెసేజ్‌లో ఉంది. సారు వార్తల చర్చ పెట్టాడు. నలుగురు నాయకులు ఒక్కసారే అరిచేసరికి, అప్పటిదాకా నిమ్మళంగా పడుకున్న టైగర్ మంచం కిందికి దూరింది.

చాక్లెట్ కుక్కలకు విషమన్నది మాత్రం ముమ్మాటికీ నిజం. అందులోని థియోబ్రోమిన్‌ను కుక్క ఒళ్లు తొందరగా అరిగించుకోలేదు. అందుకే ఇంట్లో ఉన్న చాక్లెట్ల డబ్బా టైగర్‌కు చిక్కకూడదని మొత్తం సారే తిన్నాడు. ఆయనకు షుగరు.

తర్వాత వీధి పిల్లలను పిలిచి, 2018లో సుప్రీంకోర్టు దీపావళి పటాకులకు రాత్రి ఎనిమిది నుంచి పది దాకానే టైమిచ్చిందని తీర్పు వినిపించాడు. "సరే సారూ, ఎనిమిదిదాకా ఆగుతం" అన్నారు పిల్లలు. ఆగారు. ఎనిమిది కొట్టంగానే వీధి వీధంతా ఒక్కసారే పేలింది.

అదే టైముకు తండా నుంచి పాలు తెచ్చిన పెద్దమనిషి ఇదంతా చూసి, హాలోవీన్ ముచ్చట విని నవ్వాడు. ఆయనకు పొడ తూర్పు ఆవులున్నాయి, ఒంటినిండా మచ్చలున్న ఈ ప్రాంతపు జాతి.

"మా తండాల గూడ దీపావళికి ఆడపిల్లలు దీపాలు పట్టుకొని ఇల్లిల్లు తిరిగి మేరా అని పండుగ శుభాలు చెప్తరు సారూ. కుక్కలు మొరగయి, వాళ్లెంబడే తిరుగుతయి."

"మరి పటాకులకు?"

"ఆవులను దీపాలు పెట్టకముందే కొట్టంల కట్టేస్త. దూడ పక్కన కూసుంట. మీరు గూడ ఆ టీవీ బందుపెట్టి కుక్క పక్కన కూసోరాదుండ్రి."

సారు టీవీ కట్టేశాడు. మంచం పక్కన చాప పరుచుకొని కూర్చున్నాడు. పదయ్యేసరికి టైగర్ గురక పెట్టింది. సారుకు మాత్రం డబ్బాడు చాక్లెట్ల పుణ్యమా అని నిద్రపట్టలేదు.

మీ వీధిలో కూడా ఇట్లాంటి సారు ఉంటే నవ్వుకోండి, పరవాలేదు. లక్ష్మీబాంబు మాత్రం ఆయన గోడ పక్కన పెట్టకండి, కొట్టం పక్కన అసలే పెట్టకండి.